టైమింగ్ ఉంది సరే.. కాగితం ఏదీ?

మా దివిసీమలో తెల్లవారుజామున కరకట్ట మీద ఎవరైనా పరిగెత్తుతుంటే, ఎదురొచ్చే పాలవాళ్లు అడిగే ప్రశ్న ఒక్కటే. "ఆర్మీకా? కానిస్టేబుల్‌కా?" మూడో ఆప్షన్ ఉండదు.

అడిగినవాళ్లది తప్పేం లేదు. మన దగ్గర పరుగుకి రేటు కట్టేది ఆ రెండే. ఆర్మీ ర్యాలీలో 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలో పూర్తిచేస్తే మొదటి గ్రూపు, 60కి 60 మార్కులు. మన రాష్ట్రంలో కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి 1600 మీటర్లు మగవాళ్లు 8 నిమిషాల్లో, ఆడవాళ్లు పదిన్నర నిమిషాల్లో పూర్తిచెయ్యాలి. ఈ లెక్కలు నాగాయలంకలో పదో తరగతి పిల్లాణ్ణి నిద్రలేపి అడిగినా చెప్తాడు. అదే పిల్లాణ్ణి "నీ పరుగు చూసి ఏ కాలేజీ సీటిస్తుంది?" అని అడగండి. మొహం తెల్లగా పెడతాడు. వాడే కాదు, వాళ్ల పీఈటీ సార్ కూడా కాసేపు ఆలోచిస్తారు.

దేశం మొత్తం మీద చూసినా ఇదే వరస. 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్‌లో 8:09.91తో జాతీయ రికార్డు పెట్టిన అవినాశ్ సాబ్లే ఇంటర్ అయ్యాక ఆర్మీలో చేరాడు. అక్కడి క్రాస్ కంట్రీ పోటీల్లోనే బయటపడ్డాడు. 2025లో 10,000 మీటర్లని 27:00.22లో ముగించిన గుల్వీర్ సింగ్‌దీ ఆర్మీయే. లాంగ్ డిస్టెన్స్ వాళ్లని వెతికి పట్టుకునే పని మన దగ్గర కాలేజీలు పెద్దగా చెయ్యవు. మగపిల్లలకి ఆర్మీ అయినా ఉంది. అగ్నివీర్‌గా ఆర్మీలో ఆడపిల్లల్ని తీసుకునేది మిలిటరీ పోలీసు విభాగంలోకే. వాళ్లకి ఆ తలుపు కూడా వారగానే తెరిచి ఉంది.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. వయసు ఇరవై ఎనిమిది. గుడివాడ దగ్గర ఇంజినీరింగ్ చదివా. పరుగుతో నా సంబంధం ఆదివారం గచ్చిబౌలిలో ఓ పది కిలోమీటర్లు పరిగెత్తి స్టోరీ పెట్టడం వరకే. ఇది రాయడానికి కారణం మా పిన్ని కూతురు.

తనది జిల్లా పరిషత్ హైస్కూల్. నిరుడు పదో తరగతిలో ఉన్నప్పుడు స్కూల్ గ్రౌండ్‌లో 1500 మీటర్లు 5 నిమిషాల 5 సెకన్లలో పరిగెత్తింది. అదే వేగంతో ఇంకో వంద మీటర్లు పోతే 1600 మీటర్లకి 5:25. అంటే ఆర్మీ ర్యాలీలో మగపిల్లలకి పెట్టిన మొదటి గ్రూపు గీతకి ఐదు సెకన్లు లోపలే. బూట్లు నాలుగొందలవి. కోచ్ లేడు. పీఈటీ సార్ ఫోన్‌లో స్టాప్‌వాచ్ పట్టుకుని గట్టున నిలబడ్డారు, అంతే.

రిక్రూటింగ్ ఉంది, మార్కులకే

మన దగ్గర కాలేజీ రిక్రూటింగ్ లేదని ఎవరన్నారు? పదో తరగతి పరీక్షలు అవ్వకముందే కార్పొరేట్ కాలేజీ పీఆర్వోలు ఇళ్ల చుట్టూ తిరుగుతారు. మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డ.. ఏ ఊళ్లో ఏ పిల్ల ప్రీఫైనల్‌లో ఎంత తెచ్చుకుందో వాళ్ల దగ్గర లిస్టు ఉంటుంది. అమెరికాలో యూనివర్సిటీ కోచ్‌లు రన్నర్ల వెంట ఎలా పడతారో, మన పీఆర్వోలు 550 దాటినవాళ్ల వెంట అలా పడతారు. టైమింగ్ మాత్రం ఎవరూ అడగరు.

నేను నిరుడు ఫిబ్రవరిలో ఊరెళ్లినప్పుడు అలాంటి పీఆర్వో ఒకాయన మా బాబాయి ఇంట్లో కూర్చుని ఉన్నాడు. విజయవాడలో రెసిడెన్షియల్, ఏసీ క్యాంపస్, ఫీజులో కన్సెషన్.. అన్నీ చెప్పాడు. మా పిన్ని కాఫీ ఇస్తూ "గ్రౌండు ఉంటుందాండీ? మా పిల్ల పరిగెత్తుద్ది" అంది. ఆయన నవ్వాడు. "రెండేళ్లు ఆటలు పక్కన పెడితే లైఫ్ సెట్ అయిపోద్దండీ. తర్వాత ఎంతైనా పరిగెత్తొచ్చు."

ఆయన వెళ్లాక బాబాయి నన్ను వరండాలోకి పిలిచాడు. రెండెకరాల వరి, కౌలుకి తీసుకున్న చేపల చెరువు. అప్పు సంగతి నాకు తెలుసు.

"ఒరే అబ్బాయ్, నువ్వు చదువుకున్నోడివి కాబట్టి అడుగుతున్నా. దానికి పరుగంటే ప్రాణమని తెలుసు. కాదనను. కానీ పరిగెత్తితే ఏమొస్తుందిరా? సీటొస్తుందా?"

"రెండు వారాలు టైమివ్వు బాబాయ్. కనుక్కుని చెప్తా" అన్నా.

ఆ రెండు వారాల్లో నోటిఫికేషన్లు చదివి, పీడీలకి ఫోన్లు చేసి పోగేసిందే ఇక్కడ రాస్తున్నా. మీ ఇంట్లోనూ అలాంటి పిల్లో పిల్లాడో ఉంటే పనికొస్తుంది.

ఆ రెండేళ్లలోనే ఉంది కిటుకు

"తర్వాత ఎంతైనా పరిగెత్తొచ్చు" అన్న మాటతోనే మన దగ్గర రన్నర్లు పోతున్నారు. నా ఇంజినీరింగ్ క్లాస్‌మేట్ ఒకడిది కోడూరు వైపు ఊరు. తొమ్మిదో తరగతిలో 1500 మీటర్లు 4:40లో కొట్టేవాడు. ఇంటర్ రెండేళ్లు హాస్టల్. పొద్దున నాలుగున్నరకి లేపేది స్టడీ అవర్‌కి. ఆ కాలేజీలో గ్రౌండంటే నాలుగో అంతస్తు మీద డాబా. వాడు మళ్లీ పరిగెత్తింది ఇంజినీరింగ్ అయ్యి, ఉద్యోగం దొరక్క, కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి వెళ్లినప్పుడే. 8 నిమిషాల గీతకి ఆరు నిమిషాల్లో చేరాడు. ఇప్పుడు స్టేషన్లో సంతోషంగానే ఉన్నాడు. కానీ వాడి పరుగు ఎంతదాకా పోయేదో ఎవరికీ తెలీదు, వాడిక్కూడా.

ఏ కాలేజీ స్పోర్ట్స్ కోటా రూల్స్ చూసినా అడిగేది ఇటీవలి ఏళ్ల సర్టిఫికెట్లు, పై స్థాయి పోటీలవి. ఆ పోటీలు ఆడాల్సింది సరిగ్గా పదహారు, పదిహేడు, పద్దెనిమిదేళ్లకి. అంటే ఇంటర్ రెండేళ్లలో. ఆ రెండేళ్లు ఖాళీగా ఉన్న ఫైలు పట్టుకుని డిగ్రీ అడ్మిషన్‌కి వెళ్తే, ఏడో తరగతిలో గెలిచిన కప్పు చూపించడం తప్ప ఇంకేం చెయ్యలేం.

అందుకే మన దగ్గర రన్నర్‌కి అసలు నిర్ణయం ఇంజినీరింగ్ కాలేజీ కాదు, ఇంటర్ ఎక్కడ చదువుతాం అన్నది. ఇదే ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్న ముఖ్యమైన మాట.

9 సెకన్ల తేడా

మా చెల్లి 5:05 స్కూల్ గ్రౌండ్‌లోది. సున్నంతో గీసిన ట్రాక్. టేపు పెట్టి కొలిస్తే రౌండు 200 మీటర్లకి కాస్త తక్కువే వచ్చింది. ఉమ్మడి జిల్లా సెలక్షన్స్‌లో పరిగెత్తింది 5:14. ఇంకా విచిత్రం ఏంటంటే, అక్కడ ఇచ్చిన సర్టిఫికెట్‌లో "ద్వితీయ స్థానం" అని ఉంది కానీ టైమింగ్ లేదు. 5:05 నోటి మాట, 5:14 కూడా నోటి మాటే.

కాగితం విలువ తెలియాలంటే మన జ్యోతి యర్రాజీ కథ చాలు. విశాఖపట్నం అమ్మాయి. 2020 జనవరిలో మూడబిదిరెలో జరిగిన ఆలిండియా ఇంటర్ యూనివర్సిటీ పోటీల్లో ఆచార్య నాగార్జున యూనివర్సిటీ తరఫున 100 మీటర్ల హర్డిల్స్‌ని 13.03 సెకన్లలో దాటింది. అప్పటి జాతీయ రికార్డు కంటే మెరుగు. కానీ రికార్డుగా ఒప్పుకోలేదు. అక్కడ ఆమెకి డోప్ టెస్ట్ జరగలేదు, అథ్లెటిక్స్ ఫెడరేషన్ టెక్నికల్ డెలిగేట్ లేరు. కాళ్లు చేసిన పని చేశాయి. కాగితం రాలేదు. ఆమె ఆగలేదు కాబట్టి 2023లో ఆసియా ఛాంపియన్ అయింది, 2024లో పారిస్ ఒలింపిక్స్‌కి వెళ్లింది.

మనది ఆ స్థాయి కాదు, నిజమే. సూత్రం మాత్రం అదే. కాబట్టి ప్రతి పోటీ తర్వాత మూడు పనులు చెయ్యండి.

ఒకటి, రిజల్ట్ షీట్ అడిగి ఫొటో తీసుకోండి. అందులో పోటీ పేరు, తేదీ, ఈవెంట్, టైమింగ్, అధికారి సంతకం కనిపించాలి. ఆరోజే అడగాలి. నెల తర్వాత ఆ షీట్ ఎక్కడుందో దేవుడిక్కూడా తెలీదు.

రెండు, సర్టిఫికెట్‌లో పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ మీ పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. ఒక్క అక్షరం తేడా వెరిఫికేషన్ రోజున ఏడిపిస్తుంది.

మూడు, రేసు వీడియో తీయించండి. మొదటి నుంచి చివరి దాకా, మధ్యలో కట్ లేకుండా. చివరి వంద మీటర్లు స్లో మోషన్‌లో పాట పెట్టి చేసే రీల్ మీకోసం. కోచ్‌కి కావాల్సింది ప్రతి రౌండూ ఎంతలో వచ్చారన్న లెక్క.

వీటన్నిటికీ నేను గూగుల్ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ చేశా. ఒక షీట్‌లో తేదీ, ఊరు, ట్రాక్ మట్టిదా సింథటిక్కా, టైమింగ్, స్థానం. సాఫ్ట్‌వేర్‌వాడిగా నా వంతు సాయం అది.

మెట్లు రెండు వైపులా ఉన్నాయి

చాలామంది పిల్లలకి స్కూల్ గేమ్స్ ఒక్కటే తెలుసు. మండలం, జిల్లా, రాష్ట్రం, ఆ పైన స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ జాతీయ పోటీలు. అండర్-14, 17, 19. ఇంటర్ పిల్లలు పోటీ పడేది ఎక్కువగా అండర్-19లో. దీనికి కాలేజీ నుంచి ఎంట్రీ వెళ్లాలి. కాబట్టి ఇంటర్ కాలేజీలో చేరేముందే "మీరు అండర్-19కి ఎంట్రీలు పంపుతారా?" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నకి వచ్చే జవాబుని బట్టి సగం కాలేజీలు లిస్టులోంచి ఎగిరిపోతాయి.

రెండో మెట్లు అథ్లెటిక్స్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియావి. జిల్లా సంఘం, రాష్ట్ర సంఘం ద్వారా వెళ్లాలి. చిన్నవాళ్లకి జాతీయ అంతర్ జిల్లా జూనియర్ మీట్ ఉంది. ఆ పైన సౌత్ జోన్, జూనియర్ నేషనల్స్, క్రాస్ కంట్రీ. లాంగ్ డిస్టెన్స్ పిల్లలు క్రాస్ కంట్రీని వదులుకోకూడదు. కరకట్ట మీద, చేల గట్ల మీద పరిగెత్తి పెరిగిన కాళ్లకి మెత్తటి నేల, ఎగుడుదిగుడు కొత్త కాదు.

మీ టైమింగ్ ఎక్కడుందో తెలియాలంటే ఊళ్లో ఎవరినీ అడగొద్దు. ఫెడరేషన్ వెబ్‌సైట్‌లో పోయినేడాది జూనియర్ నేషనల్స్ ఫలితాలు ఉంటాయి. మీ ఈవెంట్‌లో మూడో స్థానం, ఎనిమిదో స్థానం టైమింగ్‌లు రాసుకోండి. మీకూ ఎనిమిదో స్థానానికీ మధ్య ఎన్ని సెకన్లున్నాయో అదే మీ సిలబస్. మా చెల్లికి ఆ షీట్ చూపించినప్పుడు రెండు నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత "అన్నయ్యా, ఆళ్లూ మనుషులేగా" అంది.

ఇంకో మాట. మన ఊళ్లలో స్కూల్లో చేర్చేటప్పుడు వయసు ఓ ఏడాది తగ్గించి రాయించడం మామూలే. ఆటల్లో అది మెడకి చుట్టుకుంటుంది. జూనియర్ మీట్స్‌లో మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూస్తారు. అలాగే ట్రయల్స్ ముందు ఎవరో "సీనియర్" ఇచ్చే పౌడర్, ఇంజెక్షన్ ముట్టుకోకండి. డోప్ టెస్ట్‌లో దొరికితే పోయేది ఇచ్చినవాడి కెరీర్ కాదు.

తలుపులు ఎక్కడున్నాయి?

పదో తరగతి తర్వాత తెరుచుకునే తలుపు ఒకటుంది. ఆర్జీయూకేటీ, అంటే మనవాళ్లు నూజివీడు ట్రిపుల్ ఐటీ అనేది. ఆరేళ్ల కోర్సు, పదో తరగతి మార్కుల మీద సీటు, స్పోర్ట్స్ కోటా అర శాతం. ఇంటర్ హాస్టల్ గొడవే ఉండదు. మా చెల్లికి మామూలు కోటాలో మార్కులు చాల్లేదు. స్పోర్ట్స్ కోటాకి చేతిలో జిల్లా స్థాయి కాగితమే ఉంది. పై స్థాయివాళ్లు ముందుంటారు. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఉన్నవాళ్లు దీన్ని ఇప్పుడే గుర్తు పెట్టుకోండి.

ఇంటర్ తర్వాత ఈఏపీసెట్. ఇక్కడా ఆటలకి అర శాతం. 240 సీట్లున్న చోట లెక్క కడితే ఒకటి పాయింట్ రెండు. ఆ ఒక్క సీటుకి అన్ని ఆటలవాళ్లూ పోటీ. ముందు చూసేది ఏ స్థాయిలో ఆడారు, పతకం వచ్చిందా అని. క్వాలిఫై అవ్వాల్సింది మాత్రం అందరూ. సర్టిఫికెట్లు స్పోర్ట్స్ అథారిటీ పరిశీలనకి వెళ్తాయి. కాబట్టి ఇది ప్లాన్ ఏ కాదు, ప్లాన్ బి అనుకోండి.

ఐఐటీ మద్రాస్ 2024లో స్పోర్ట్స్ ఎక్సలెన్స్ అడ్మిషన్ మొదలెట్టింది. ప్రతి బీటెక్ కోర్సులో రెండు అదనపు సీట్లు, అందులో ఒకటి అమ్మాయిలకే. అథ్లెటిక్స్ కూడా లిస్టులో ఉంది. జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంక్ లిస్టులో ఉండాలి, గత నాలుగేళ్లలో జాతీయ స్థాయి పతకం కనీసం ఒకటి ఉండాలి. కష్టమే. కానీ అలాంటి తలుపు ఒకటి ఉందని మా బాబాయికి చెప్పినప్పుడు ఆయన మొదటిసారి కుర్చీ ముందుకి జరిపాడు. "ఐఐటీ"కి మన ఇళ్లలో ఉన్న పవర్ అది.

ఇంజినీరింగే కావాలని లేనివాళ్లకి దారి ఇంకా వెడల్పు. ఢిల్లీ యూనివర్సిటీ కాలేజీల్లో స్పోర్ట్స్ కోటాకి సీయూఈటీతో పాటు సర్టిఫికెట్లు, ట్రయల్స్ చూస్తారు. కర్ణాటకలో మూడబిదిరెలోని ఆళ్వాస్ సంస్థ అథ్లెట్లని దత్తత తీసుకుని ఉచితంగా చదివిస్తుందని పేరు. ఇంటర్ యూనివర్సిటీ పోటీల్లో మంగళూరు యూనివర్సిటీకి వచ్చే పతకాల వెనక ఆ కాలేజీ పిల్లలే ఎక్కువ. పంజాబ్‌లోని లవ్లీ ప్రొఫెషనల్ యూనివర్సిటీ లాంటి ప్రైవేటు సంస్థలు ఆట స్థాయిని బట్టి ఫీజు తగ్గిస్తాయి. మన పక్కనే, పులిగడ్డ వారధి దాటి రేపల్లె, తెనాలి మీదుగా వెళ్తే నాగార్జున యూనివర్సిటీ, దాని సింథటిక్ ట్రాక్. ఇంకా దగ్గరగా కావాలంటే మచిలీపట్నంలో కృష్ణా యూనివర్సిటీ. దాని కింద ఏ డిగ్రీ కాలేజీలో చేరినా అంతర్ కళాశాల పోటీల్లో గెలిచి యూనివర్సిటీ జట్టులోకి వెళ్లొచ్చు. అక్కణ్ణుంచి ఆలిండియా పోటీలు, ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్.

ఖేలో ఇండియా స్కాలర్‌షిప్‌కి ఎంపికైతే ఏడాదికి 6.28 లక్షల దాకా శిక్షణ మీద ఖర్చు పెడతారు. అందులో చేతి ఖర్చులకి ఇచ్చేది 1.20 లక్షలు, అంటే నెలకి పదివేలు. కౌలు చెరువు మీద బతికే ఇంట్లో ఆ పదివేల సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

అమెరికా సంగతి

మా చెల్లి అడిగింది కాబట్టి అదీ చూశా. అక్కడ యూనివర్సిటీ పోటీలు నడిపేది ఎన్‌సీఏఏ. డివిజన్ 1, 2లో ఆటకి స్కాలర్‌షిప్ ఉంటుంది, డివిజన్ 3లో ఉండదు. ఢిల్లీ హై జంపర్ తేజస్విన్ శంకర్ 2017లో అలాగే కాన్సస్ స్టేట్ యూనివర్సిటీకి వెళ్లాడు. 2018లో, 2022లో ఎన్‌సీఏఏ ఛాంపియన్ అయ్యాడు.

తెలుసుకోవాల్సినవి మూడు. అక్కడ 9వ తరగతి నుంచి ఉన్న మార్కులన్నీ లెక్కలోకి వస్తాయి. పదో తరగతి అయిన ఏడాది జూన్ 15 నుంచి డివిజన్ 1 కోచ్‌లు పిల్లలతో నేరుగా మాట్లాడొచ్చు. కోచ్‌ల ఈమెయిల్ అడ్రస్‌లు యూనివర్సిటీల వెబ్‌సైట్లలోనే ఉంటాయి, ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు. "మీవాణ్ణి అమెరికా టీమ్‌లో పెట్టిస్తా, రెండు లక్షలు ఇవ్వండి" అనేవాడు కనిపిస్తే కాఫీ కూడా ఇవ్వకండి.

స్కాలర్‌షిప్ అంటే అన్నీ ఫ్రీ అని కాదు. చాలామందికి వచ్చేది ఫీజులో కొంత భాగమే. మిగతాది డాలర్లలో మనమే కట్టాలి.

పీడీ గారికి మెసేజ్

ఇక్కడైనా అక్కడైనా ఒకటే సంగతి. కాలేజీ మన ఊరు వెతుక్కుంటూ రాదు. మనమే రాయాలి. మన పిల్లలకి ఇది మొహమాటం. "మనమే అడిగితే చులకనైపోమా?" అని. ఉద్యోగానికి రెజ్యూమె పంపితే చులకనవుతామా? ఇదీ అంతే.

మేం మొత్తం పదకొండు కాలేజీలు, యూనివర్సిటీల ఫిజికల్ డైరెక్టర్లకి రాశాం. జవాబిచ్చింది నలుగురు. ఆ మెసేజ్‌లో ఉన్నవి ఇంతే: పేరు, పుట్టిన తేదీ, ఊరు, చదువుతున్న తరగతి, మార్కులు. ఈవెంట్, అధికారిక పోటీలో బెస్ట్ టైమింగ్, అది ఎక్కడ ఎప్పుడు, ట్రాక్ ఎలాంటిది. నిరుటి టైమింగ్ పక్కన ఈ ఏటిది. ఒక వీడియో లింక్. పీఈటీ సార్ నంబర్, ఆయన్ని అడిగి పెట్టింది. చివర్లో ఒకే ఒక ప్రశ్న: "రెండేళ్ల తర్వాత మీ జట్టులో చేరాలంటే నేను ఎంత టైమింగ్‌కి రావాలి సార్?"

ఆ ప్రశ్నే పనిచేసింది. సీటు అడిగితే మాట దాటేసేవాళ్లు, టైమింగ్ అడిగితే వివరంగా చెప్పారు. ఒక పీడీ గారైతే ఫోన్ చేసి ఇరవై నిమిషాలు మాట్లాడారు. వారానికి ఎన్ని కిలోమీటర్లు పరిగెత్తుతోంది, హిమోగ్లోబిన్ ఎంత, నెలసరి సరిగ్గా వస్తోందా అని ఆయన అడిగినప్పుడు మా పిన్ని ఆశ్చర్యపోయింది. ఆ వారమే టెస్ట్ చేయిస్తే 9.8 వచ్చింది. డాక్టర్ ఐరన్ మాత్రలు రాశారు. ఆ పిల్ల అన్నాళ్లూ ఆ రక్తంతోనే 1500 మీటర్లు పరిగెత్తింది.

మీరు కూడా కాలేజీని ప్రశ్నలు అడగాలి. ట్రాక్ క్యాంపస్‌లోనే ఉందా? లాంగ్ డిస్టెన్స్‌కి కోచ్ ఉన్నారా, లేక వాలీబాల్ సారే అన్నీ చూస్తారా? పోటీకి వెళ్తే అటెండెన్స్ ఇస్తారా? ఇంటర్నల్ పరీక్ష అదే రోజు వస్తే మళ్లీ పెడతారా? గాయమైతే ఆ ఏడాది ఫీజు రాయితీ ఉంటుందా, పోతుందా? జవాబు కాగితం మీద ఇస్తారా? ఈ ఆఖరి ప్రశ్నకి నీళ్లు నమిలితే, మిగతా జవాబులు లెక్కలోకి తీసుకోకండి.

బాబాయితో ఒప్పందం

రెండు వారాల తర్వాత ఇదంతా బాబాయి ముందు పెట్టా. అర శాతం అని దాచకుండా చెప్పా. ఐఐటీ గురించి చెప్తే అది పతకం వస్తేనే అని కూడా చెప్పా. ఆయన చాలాసేపు చెరువు లెక్కలు చూసినట్టే చూశాడు.

"అంటే సీటు గ్యారెంటీ లేదు."

"లేదు బాబాయ్. విజయవాడ హాస్టల్‌కి లక్షన్నర కట్టినా గ్యారెంటీ లేదుగా."

"అది అందరూ కట్టేదే కదరా."

దానికి నా దగ్గర జవాబు లేదు. మా చెల్లే చెప్పింది. "నాన్నా, మార్కులు తగ్గితే నువ్వు చెప్పిన కాలేజీకే పోతా. ఒక్క ఏడాది చూడు."

క్యాలెండర్ వెనక రాసుకున్నాం. ఇంటర్ అవనిగడ్డలో, ఎంపీసీ, రోజూ బస్సు. ఈఏపీసెట్ క్లాసులు ఫోన్‌లో, దాని సబ్‌స్క్రిప్షన్ నాది. పొద్దున అయిదింటికి కరకట్ట, తోడుగా బండి మీద బాబాయి. మా డెల్టాలో ఎండెక్కితే ఉక్కకి పరుగు సాగదు, అందుకే ఆ టైము. మొదటి ఏడాది మార్కులు 85 శాతం తగ్గకూడదు. అధికారిక పోటీలో 1500 మీటర్లు 5 నిమిషాల లోపు రావాలి. రెండిట్లో ఏది తప్పినా రెండో ఏడాది మళ్లీ కూర్చుని మాట్లాడాలి. ముగ్గురం సంతకాలు పెట్టాం. పిన్ని పెట్టలేదు. "నేను టిఫిన్ కట్టేదాన్ని, నాకెందుకు సంతకం" అంది. నాకు తెలిసి ఆ ఒప్పందంలో అతి కష్టమైన భాగం ఆవిడదే.

నాలుగు నెలలైంది. యూనిట్ టెస్టుల్లో 82 శాతం దగ్గర ఊగుతోంది. ఫిజిక్స్ ఇబ్బంది పెడుతోంది. ఆదివారం రాత్రి వీడియో కాల్‌లో నేను చెప్తున్నా. అండర్-19 సెలక్షన్స్‌లో రెండో స్థానం, 5:08. ఇంకా ఎనిమిది సెకన్లు పైన తగ్గాలి. నవ్వుతూ చెప్పేంత దగ్గరా కాదు, వదిలేసేంత దూరమూ కాదు.

ఈసారి రిజల్ట్ షీట్ అడగడం తను మర్చిపోలేదు. టైమింగ్, తేదీ, సంతకం అన్నీ ఉన్న మొదటి కాగితం అది. ఆరోజు సాయంత్రం బాబాయి ఫోన్ చేశాడు.

"ఒరే అబ్బాయ్, దీన్ని లామినేషన్ చేయించమంటావా?"

"ఒరిజినల్‌కి వద్దు బాబాయ్, వెరిఫికేషన్‌లో పేచీ పెడతారు. ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఫైల్లో ఉంచు. జిరాక్స్‌కి చేయించుకో."

"సరే. ఫైలు పెద్దది కొంటా అయితే" అన్నాడు.